పని లేకుండా బయటికి వెళ్ళే హక్కు

స్త్రీల హక్కుల గురించి మన సభల్లో, పత్రికల్లో జరిగే చర్చల్లో చదువు, ఆస్తి, కూలి రేట్లు, ఇంటా బయటా హింస ప్రధానంగా వుంటాయి. అలా వుండటం సరైనదే. విశ్రాంతి, వినోదం అనే మాటలు మాత్రం అక్కడ అరుదుగా వినిపిస్తాయి. ఎవరైనా ఎత్తినా అది తిండికీ బట్టకీ లోటు లేనివాళ్ళ గొడవ అనీ, ముందు తేలాల్సినవి చాలా వున్నాయనీ పక్కకి నెట్టేస్తాం. కానీ 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనీ ప్రతి మనిషికీ వున్న హక్కుగా చెప్పింది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనీ రూపుమాపాలన్న 1979 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో పాల్గొనే హక్కు స్త్రీలకి పురుషులతో సమానంగా వుండాలంది. భారత ప్రభుత్వం 1993లో ఈ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు పెళ్ళి, కుటుంబం, ఆచారాల విషయంలో తన షరతులు తను పెట్టుకుంది కానీ, ఈ 13వ అధికరణం మీద ఏ అభ్యంతరమూ చెప్పలేదు. మన రాజ్యాంగం 43వ అధికరణం కూడా శ్రామికులు తీరికని పూర్తిగా అనుభవించగల పరిస్థితుల కోసం రాజ్యం కృషి చెయ్యాలంటుంది.

కాగితం మీద ఇంత స్పష్టంగా వున్న హక్కు మన బతుకుల్లో ఎందుకు హక్కులా కనిపించదు? ఆడమనిషి గడప దాటగానే ఎదురయ్యే రెండు ప్రశ్నలు మనందరికీ తెలుసు. ఎక్కడికి? ఎందుకు? బడికి, ఆఫీసుకి, కూలికి, ఆస్పత్రికి, గుడికి, పుట్టింటికి అని జవాబు చెప్పగలిగితే గడప దాటనిస్తారు. ఊరికే వెళ్తున్నానంటే ఒప్పుకునే ఇల్లు ఎక్కడో గానీ వుండదు. ఈ 'ఊరికే' గురించే నేను రాయదలిచాను. దానికి ఉదాహరణగా, పైకి చూస్తే హక్కులతో సంబంధమే లేనట్టు కనిపించే ఒక విషయాన్ని తీసుకుంటున్నాను. అది బ్రిటన్‌ పల్లెసీమల్లో శని ఆదివారాల్లో జరిగే సైకిలు శిబిరాల ఉత్సవాలు.

సైకిలు చట్రానికి, హ్యాండిల్‌కి, సీటు వెనక చిన్న చిన్న సంచులు కట్టుకుని, వాటిలో టెంటు, పడక సంచి, చిన్న పొయ్యి, రెండు జతల బట్టలు సర్దుకుని, మట్టిదారుల వెంట తొక్కుకుంటూ పోయి రాత్రి ఆరుబయట పడుకోవడాన్ని ఇప్పుడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. ఇలా వెళ్ళేవాళ్ళు వేసవిలో ఏదో ఒక రైతు పొలంలో రెండు రోజులు కలుసుకుంటారు. పందెం వుండదు, బహుమతులు వుండవు. పరిశోధన పని మీద కొన్ని నెలలు బ్రిటన్‌లో వున్నప్పుడు వేల్స్ కొండల్లో జరిగిన అలాంటి ఒక ఉత్సవానికి అద్దె సైకిలు మీద నేనూ వెళ్ళాను. గొర్రెలు మేసే బీడు, పక్కన వాగు, మధ్య మధ్యన వాన. వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది స్త్రీలు. అరవై దాటిన వాళ్ళూ వున్నారు, చంటిపిల్లల తల్లులూ వున్నారు.

'స్నేహపూర్వకమైన వారాంతం' అని ఆ ఉత్సవం వాళ్ళు ప్రకటించుకున్నారు. సామాజిక శాస్త్రం చదివిన మనిషిగా నాకు ఆ మాట మీద ముందు అనుమానమే కలిగింది. స్నేహం అనేది మనసుకి సంబంధించిన సంగతి కదా, దాన్ని ముందే ఎలా ప్రకటిస్తారు? రెండు రోజులు చూశాక అర్థమైంది ఏమిటంటే, అక్కడ స్నేహం అనేది ఒక ఏర్పాటు. రోజూ మూడు దారులు గీసి పెట్టారు. 20 కిలోమీటర్లది, 40ది, 70ది. ఎవరి శక్తిని బట్టి వాళ్ళు ఎంచుకోవచ్చు. ప్రతి గుంపుకీ వెనక ఒక మనిషి వుంటారు, అందరికంటే ఆఖరున వచ్చేవాళ్ళతో కలిసి రావడమే వాళ్ళ పని. అందువల్ల నెమ్మదిగా తొక్కేవాళ్ళు ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. మరమ్మతుల టెంటులో పంక్చరు వెయ్యడం, తెగిన గొలుసు అతకడం నేర్పుతున్నది ఇద్దరు స్త్రీలు. వంటకీ, గిన్నెలు తోమడానికీ బోర్డు మీద పట్టిక వుంది, అందులో ఆడా మగా పేర్లు రాసుకున్నారు. పిల్లల్ని చూసుకోవడానికి ఒక టెంటు వుంది. మరుగుదొడ్లు రంపపు పొట్టు వేసేవే గానీ, వాటికి తలుపూ లోపలి గడియా వున్నాయి, ప్యాడ్ల పెట్టె వుంది, అక్కడిదాకా రాత్రంతా దీపాలున్నాయి. ఎవరివల్లనైనా ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో గేటు దగ్గరే రాసిపెట్టారు.

ఇవన్నీ చిన్న చిన్న సంగతులు. కానీ వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అక్కడికి వచ్చిన స్త్రీలలో కొందరు రాకుండా ఆగిపోయేవాళ్ళు. ఆగిపోయాక వాళ్ళకి ఆసక్తి లేదనే లోకం చెప్పుకునేది. ఆడవాళ్ళకి ఇలాంటివి ఇష్టముండవు అనే మాట వినపడినప్పుడల్లా ముందు గడియ వున్న మరుగుదొడ్డి వుందా, పిల్లల్ని ఎవరు చూస్తున్నారు అని అడగాలి. సైకిళ్ళకి విడిగా దారులున్న నెదర్లాండ్స్‌లో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువసార్లు సైకిలు మీద ప్రయాణిస్తారు. లారీల మధ్య తొక్కాల్సిన దేశాల్లో మగవాళ్ళే ఎక్కువ. తేడా స్త్రీల స్వభావంలో లేదు, రోడ్డులో వుంది.

ఈ ఏర్పాట్లు ఒకరి దయవల్ల వచ్చినవి కావు. సైకిలుతో శిబిరం వెయ్యడం అనే అలవాటుకి నూట పాతికేళ్ళ చరిత్ర వుంది. థామస్ హైరమ్ హోల్డింగ్ అనే లండన్ దర్జీ సైకిలు మీద మోయగల తేలికపాటి టెంటు తయారు చేసుకుని ఐర్లండ్‌లో తిరిగి, 1898లో దాని మీద పుస్తకం రాశాడు. 1901లో సైకిలు శిబిరాల వాళ్ళ సంఘం మొదలైంది. అంతకు ముందే, 1894లో బర్మింగ్‌హామ్‌లో సోషలిస్టులు క్లారియన్ సైకిల్ క్లబ్బు పెట్టి, సెలవు రోజుల్లో పల్లెల మీదుగా తిరుగుతూ తమ పత్రికలు పంచేవాళ్ళు. వారమంతా ఫ్యాక్టరీలో గడిపే మనుషులకి పొలాల గాలి పీల్చుకోవడం కూడా ఒక రాజకీయ కోరికేనని వాళ్ళు గుర్తించారు.

స్త్రీల దగ్గరికి వచ్చేసరికి గొడవ బట్టలతో మొదలైంది. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సైకిలు తొక్కుకుంటూ సర్రేలోని ఓక్‌హమ్ అనే ఊళ్ళో ఒక హోటలుకి వెళ్ళింది. నేలమీద జీరాడే గౌను కాకుండా వదులు నిక్కరు వేసుకుందని, ఆ హోటలు నడిపే ఆవిడ ఆమెని కాఫీ గదిలోకి రానివ్వలేదు. కావాలంటే మగవాళ్ళు తాగే గదిలో కూర్చోమంది. సైకిలు యాత్రికుల సంఘం కేసు పెట్టింది. 1899 ఏప్రిల్‌లో జ్యూరీ హోటలు పక్షానే తీర్పు చెప్పింది. అడ్డుకున్నది కూడా స్త్రీయే కదా అని ఎవరైనా అనొచ్చు. పరువుగల ఆడది ఎలా కనిపించాలో నిర్ణయించే కట్టుబాట్లని చాలాసార్లు స్త్రీల చేతే అమలు చేయిస్తారనేది మన అత్తల, అమ్మల సంగతి తెలిసిన మనకి కొత్త కాదు. కేసు ఓడిపోయినా బట్టల మీద వాదన ఆగలేదు. సైకిలు తొక్కే స్త్రీల సంఖ్య పెరుగుతూ పోయి ఆ వాదనని గెలిపించింది.

రెండో గొడవ భూమిది. గుడారం వెయ్యాలంటే నేల కావాలి. ఆ నేల ఎవరిది? 1932 ఏప్రిల్ 24న ఉత్తర ఇంగ్లండ్‌లో వందలమంది కార్మిక యువకులు ప్రభువుల వేట భూములైన కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా నడిచి వెళ్ళారు. అయిదుగురికి జైలు శిక్షలు పడ్డాయి. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 2000లో ఇంగ్లండ్, వేల్స్ దేశాలకి వచ్చిన చట్టం బీడు భూముల మీద నడిచే హక్కు ఇచ్చింది కానీ, శిబిరం వేసే హక్కూ సైకిలు తొక్కే హక్కూ అందులో లేవు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ఆ రెండూ ఇచ్చింది. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ ఉమ్మడి భూముల మీద గుడారం వేసుకునే హక్కుని భూస్వాములు కోర్టుకి లాగితే, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ హక్కుని నిలబెట్టింది. పొలంలో రైతు అనుమతితో రెండు రాత్రులు పడుకోవడం వెనక ఇంత పోరాట చరిత్ర వుంది.

అంతమాత్రాన ఆ ఉత్సవాన్ని ఆకాశానికెత్తాలని కాదు. అక్కడికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళు, చదువుకున్న మధ్యతరగతి వాళ్ళు. కొందరి సైకిళ్ళ ఖరీదు అక్కడి సూపర్‌మార్కెట్‌లో పనిచేసే మనిషి నెల జీతం దాటిపోతుంది. బంగ్లాదేశ్ మూలాలున్న ఒకావిడ బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. నలభై ఒకటో ఏట సైకిలు నేర్చుకుందట. తలకి ముసుగు, దాని మీద హెల్మెట్. "దారిలో ఊళ్ళవాళ్ళు నన్ను చూసి ఆగిపోతారు. వాళ్ళ చూపు అలవాటైంది. ఇంట్లో మంచం మీదున్న అత్తగారికి ఈ రెండు రోజులూ అన్నం ఎవరు పెడుతున్నారో అన్నదే అలవాటు కాలేదు" అంది. ఇంట్లో భర్త వున్నాడు. మరి ఆ దిగులు ఆమెకే ఎందుకుండాలి? పొలంలో పిల్లల టెంటు వెయ్యగలిగారు కానీ, ఆమె ఇంట్లో శ్రమ విభజనని ఏ ఉత్సవమూ మార్చలేదు. గేటు దగ్గర ఎంత మంచి ఆహ్వానం పలికినా, గేటుదాకా రాగలిగిన వాళ్ళకే అది వినపడుతుంది.

ఇదంతా మనకెందుకు అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. మనకీ బయట వంటలు, బయట పడకలు వున్నాయి. కార్తీకంలో వనభోజనాలకి వెళ్తాం. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకి లక్షలాదిమంది వెళ్ళి, జంపన్న వాగు చుట్టుపక్కల అడవిలో గుడారాలు వేసుకుంటారు. కాకతీయులతో తలపడిన తల్లీకూతుళ్ళని కొలిచే జాతర అది. వారం రోజుల ముందునుంచే ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్ళిన ముసలివాళ్ళు ఆ ప్రయాణాన్ని ఎంత సంబరంగా చెప్తారో వరంగల్ వైపు వాళ్ళకి తెలుసు. దేవుడి పేరు మీద అయినా, ఇంటి నాలుగు గోడలు దాటి చెట్లకింద నిద్రపోవాలన్న స్త్రీల కోరికకి అక్కడ కాస్త చోటు దొరుకుతోంది. అయితే రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఆ బయలుదేరడానికి మొక్కో నోమో వుండాలి. రెండు, పొయ్యి ఆమె వెంటే వస్తుంది. ఉసిరిచెట్టు కింద మగవాళ్ళు పేకాడుతుంటే పులిహోర కలిపేది, ఎంగిలి విస్తళ్ళు ఎత్తేది ఎవరు? వంటగది చెట్టు కిందికి మారితే దాన్ని తీరిక అనలేం.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. పాలమూరు నుంచి వలసపోయే కూలీలు, చెరుకు కోతకి, ఇటుక బట్టీలకి పోయే స్త్రీలు నెలల తరబడి ప్లాస్టిక్ పట్టాల కింద పడుకుంటున్నారు. చీకటి పడ్డాక బయటికి వెళ్ళాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తున్నారు. ఆరుబయట నిద్ర వాళ్ళకి సరదా కాదు, గతిలేనితనం. అలాంటి దేశంలో టెంట్ల ఉత్సవాల గురించి మాట్లాడటం ఏమిటని అడగొచ్చు. అడగాలి కూడా. కానీ ఒకే పట్టా కింద, ఒకే ఆకాశం కింద ఒకరికి ఆనందమూ మరొకరికి భయమూ ఎందుకు కలుగుతున్నాయో చూస్తే జవాబు దొరుకుతుంది. ఒకామె ఇష్టపడి వచ్చింది, ఇష్టమైనప్పుడు వెళ్ళిపోతుంది, ఆమె వెళ్ళడానికి ఇల్లుంది, అక్కడున్నంతసేపూ గడియ వున్న తలుపుంది. రెండో ఆమెకి ఈ నాలుగూ లేవు. భవన నిర్మాణ కూలీలకి వసతి, మరుగుదొడ్డి, స్నానాల గది యజమానే కల్పించాలని 1996 నాటి చట్టంలోనే రాశారు. పని స్థలాల దగ్గర గుడిసెల్ని చూసిన వాళ్ళకి అది ఎంత అమలైందో చెప్పక్కర్లేదు. ఆ ఇద్దరి మధ్యా పోటీ పెట్టి ఒకరి హక్కుని రెండోవారికి అడ్డు వెయ్యడం కంటే, తలుపూ దీపం నీళ్ళూ ఇద్దరికీ కావాలని అడగడమే సరైన దారి.

పేద స్త్రీలకి వినోదం అక్కర్లేదన్న నమ్మకం ఎంత తప్పో మన పొరుగునే రుజువైంది. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకి సైకిలు నేర్పడాన్ని తన కార్యక్రమంలో భాగం చేసుకుంది. అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ దాన్ని ముందుకు తీసుకెళ్ళారు. వ్యవసాయ కూలీలు, రాళ్ళు కొట్టే స్త్రీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. ముందున్న కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే మెచ్చుకున్నారు. నీళ్ళు తేవడానికి, సరుకు అమ్ముకోవడానికి సైకిలు పనికొచ్చింది. ప్రభుత్వ నివేదికలకి ఆ మాట చాలు. కానీ నేర్చుకున్న స్త్రీలు తమ గురించి తాము చెప్పినప్పుడు, పాలగుమ్మి సాయినాథ్ లాంటి పాత్రికేయులు నమోదు చేసినప్పుడు, అందులో ముందు వినపడింది స్వతంత్రం. బస్సు కోసం, భర్త కోసం, కొడుకు కోసం ఎదురుచూడక్కర్లేకపోవడం.

2006లో బీహార్ ప్రభుత్వం హైస్కూలు బాలికలకి సైకిళ్ళిచ్చే పథకం మొదలుపెట్టింది. దానివల్ల ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. మంచిదే. అయితే గమనించండి, ఆడపిల్లకి సైకిలు ఇవ్వాలంటే చదువు అనే కారణం చూపించాలి. అదే చదువు అయిపోగానే సైకిలు తమ్ముడి చేతికి పోతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. మగపిల్లవాడి సైకిలుకి కారణం ఎవరూ అడగలేదు.

కారణం చూపించాల్సి రావడానికి మూలం మన సమయం మనది కాకపోవడంలో వుంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడుతున్నారు. ఇంటిపని చేసే పురుషులు పెట్టేది 88 నిమిషాలు. ఈ తేడా రోజుకి మూడు గంటల పైన. ఏడాది పొడుగునా కూడితే 51 పూర్తి దినాలు. మగవాళ్ళ సెలవు దినాలూ, పేకాటలూ, టీ కొట్ల దగ్గరి కబుర్లూ ఈ నిమిషాల్లోంచే వస్తున్నాయి. మనలో ఉద్యోగాలు చేసే స్త్రీల ఆదివారం కూడా చాలాసార్లు మరో స్త్రీ, అంటే మన ఇంట్లో పనిచేసే స్త్రీ, సెలవు లేకుండా రావడం మీద ఆధారపడి వుంటుంది. స్త్రీవాదులుగా మనం దీన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేం.

ఇక భద్రత. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపాక, ఆర్టీసీలో స్త్రీ ఉద్యోగులకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీలు వెయ్యొద్దని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి చెప్పారు. నేరం చేసినవాళ్ళు మగవాళ్ళు, చీకటి పడేసరికి ఇంటికి చేరాల్సింది ఆడవాళ్ళు! ఇలాంటి రక్షణ ప్రతిసారీ మన ప్రపంచాన్ని ఇంకొంచెం ఇరుకు చేస్తుంది. ముంబై స్త్రీల మీద షిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, షిల్పా రానడే కలిసి 2011లో ప్రచురించిన 'వై లాయిటర్?' పుస్తకం ఈ తర్కాన్ని తిరగేసింది. పని వుంటేనే వీధిలోకి రావాలన్న షరతు వున్నంత కాలం, పని లేకుండా వచ్చిన స్త్రీ మీద జరిగే హింసకి ఆమెనే బాధ్యురాలిని చేస్తారన్నది వాళ్ళ వాదన. దీపం, మరుగుదొడ్డి, బస్సు, ఇబ్బంది కలిగితే చెప్పుకునే చోటు, ఇవి బయట వుండటానికి కావలసిన భద్రత. లోపల వుండిపోవడాన్ని భద్రత అనకూడదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకి బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆ తర్వాత వినపడిన వెటకారాలు గుర్తున్నాయి కదా. పనీ పాటా లేకుండా తిరుగుతున్నారనీ, గుళ్ళకీ చుట్టాల ఇళ్ళకీ బస్సులు నింపేస్తున్నారనీ. ఆ వెటకారానికి చాలామంది శ్రేయోభిలాషులు, లేదండీ, కూలికీ ఆస్పత్రికీ వెళ్తున్నారు అని సంజాయిషీ చెప్పారు. ఆ సంజాయిషీ అక్కర్లేదని నా అభిప్రాయం. అవును, తిరుగుతున్నారు. కిటికీ పక్కన కూర్చుని దారి చూస్తూ వెళ్ళొస్తున్నారు. ఒక వయసు దాటిన స్త్రీలలో చాలామందికి జీవితంలో మొదటిసారి అది కుదిరింది. తిరగడం తప్పెలా అయింది?

మన సంఘాలు ఈ విషయంలో చెయ్యగలిగింది వుంది. ఖరీదైన సైకిళ్ళు, రిసార్టులు అక్కర్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల కొండల్లో పుట్టుకొస్తున్న డబ్బున్నవాళ్ళ టెంట్లని నకలు చెయ్యడం అసలే అక్కర్లేదు. పక్కనున్న తండా స్త్రీల మేత భూమిని కంచె వేసి ఆక్రమించే తీరిక మనకొద్దు. మండలానికొక బడి ఆవరణ, సెలవు రోజుల్లో ఊరికే పడి వుండే పిల్లల సైకిళ్ళు, తలుపులున్న మరుగుదొడ్లు చాలు. నేర్చుకోవాలనుకున్న స్త్రీలకి వయసుతో నిమిత్తం లేకుండా సైకిలు నేర్పాలి. పదిహేను కిలోమీటర్ల దారి గీసుకుని, అందరికంటే వెనక వచ్చే మనిషితో కలిసి తొక్కాలి. ఒక రాత్రి అక్కడే పడుకోవాలి. ఆ రెండు రోజులూ ఇంట్లో వంట, పిల్లలు, ముసలివాళ్ళు ఎవరి బాధ్యతో వెళ్ళేముందే ఇంట్లో మాట్లాడి తేల్చుకోవాలి. ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు కూడా రావాలి, వాళ్ళ రెండు రోజుల జీతం కోత పడకుండా యజమానుల్ని ఒప్పించాలి. ఆ యజమానుల్లో మనమూ వున్నాం. ఇవి కుదిరేచోట కుదురుతాయి, కుదరని చోట ఎందుకు కుదరలేదో రాసి పెట్టుకుంటే అదే పంచాయతీ ముందు, ప్రభుత్వం ముందు పెట్టాల్సిన కోర్కెల పత్రం అవుతుంది.

అక్కడ ఉపన్యాసాలు, తీర్మానాలు లేకపోయినా ఫరవాలేదు. అవగాహనా సదస్సు అని పేరు పెట్టి ఇంట్లో అనుమతి తెచ్చుకునే అలవాటు కూడా మానుకోవాలి. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే, ఊరికే, సైకిలు తొక్కడానికి అని చెప్పి బయలుదేరాలి. ఆ జవాబుకి ఎన్ని ఇళ్ళల్లో తలుపు తెరుచుకుంటుందో, ఎన్ని ఇళ్ళల్లో మూసుకుంటుందో చూస్తే మన హక్కుల లెక్క మనకి చాలావరకు తేలుతుంది.